పాప పడుకున్నాకే, అదీ బాల్కనీలోనే కాలుస్తారు మామయ్యగారు

ప్రశ్న: మేడం గారూ, మాది హైదరాబాద్ కూకట్‌పల్లిలో రెండు పడగ్గదుల ఫ్లాట్. నేను, మావారు, మూడేళ్ళ పాప. పోయిన ఏడాది నుంచి అత్తయ్య, మామయ్య కూడా మాతోనే ఉంటున్నారు. మామయ్యకు 66 ఏళ్ళు. ఒంగోలు దగ్గర ముప్ఫై ఏళ్ళకు పైగా పొగాకు పండించారు. రోజుకు ఎనిమిది, పది సిగరెట్లు కాలుస్తారు. పాప ముందు ఎప్పుడూ కాల్చరు. బాల్కనీలోకి వెళ్ళి తలుపు వేసుకుంటారు, చాలావరకు పాప పడుకున్నాకే. ఈ చలికాలంలో పాపకు మూడుసార్లు పిల్లికూతలు వచ్చి నెబులైజర్ పెట్టించాల్సి వచ్చింది. ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగుతారా అని డాక్టరు అడిగితే మావారు "లేదండీ, బయటే" అన్నారు. నేను ఏమీ అనలేకపోయాను. ఇంటికొచ్చాక అడిగితే "ఆ పొగాకు డబ్బుతోనే నేను బీటెక్ చదివాను. ఆ మాట నా నోటితో ఎలా అనమంటావు?" అన్నారు. మామయ్య చాలా మంచివారు, పాపంటే ప్రాణం. పోనీ పాపతోనే "తాతా, మానెయ్" అని చెప్పిద్దామా అనుకుంటున్నాను. అత్తయ్యేమో "నలభై ఏళ్ళ నుంచి పీలుస్తున్నా, నాకేమైంది" అని దగ్గుతూనే నవ్వేస్తారు. బాల్కనీలో కాల్చినా నిజంగా ప్రమాదమేనా, లేక నాదే చాదస్తమా?
ఒక కోడలు, హైదరాబాద్

జవాబు: చాదస్తం కాదమ్మా. మీ అనుమానం నిజమే. బాల్కనీ సంగతి చెప్పేముందు ఒక్క పని చేయండి. పాపను చూస్తున్న డాక్టరుకు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. రేపు ఫోన్ చేసి చెప్పినా సరే.

నేను ఛాతీ జబ్బుల డాక్టర్ని. "ఇంట్లో ఎవరైనా కాలుస్తారా?" అనే ప్రశ్న ఎన్ని వేలసార్లు అడిగానో నాకే తెలియదు. "లేదండీ, బయటే" అన్న జవాబు కూడా దాదాపు అన్నిసార్లు విన్నాను. బయటంటే ఎక్కడ అని మళ్ళీ అడిగితే ఒకరు మెట్ల దగ్గర అంటారు, ఒకరు ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉన్న బాత్‌రూమ్ అంటారు, ఇంకొకరు వంటింటి పక్కన వాష్ ఏరియా అంటారు. ఆ రెండో ప్రశ్న అడిగే తీరిక డాక్టరుకు లేకపోతే ఏమవుతుంది? పిల్లకు మందు డోసు పెరుగుతుంది, కారణం ఇంట్లోనే ఉండిపోతుంది. మీవారు అబద్ధమాడాలని ఆడలేదు. తండ్రిని పరాయివాళ్ళ ముందు నిలబెట్టలేకపోయారు, అంతే. నాకు అర్థమవుతుంది. కానీ డాక్టరు గదిలో దాచిన మాట పాప ఊపిరి మీదే పడుతుంది.

ఇక బాల్కనీ. ఒకరోజు మామయ్యగారు పాపను పార్కుకు తీసుకెళ్ళినప్పుడు మీరూ మీవారూ కలిసి ఒకటి చేసి చూడండి. ఆయన కూర్చునే కుర్చీ పక్కన ఒక అగరుబత్తి వెలిగించి పెట్టండి. ఆయన వేసినట్టే తలుపు వేయండి. వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, మీవారిని వెళ్ళి పాప మంచం మీద కూర్చోమనండి. కాసేపటికి వాసన వస్తే ఆయనే చెప్తారు. ఫ్యాన్ ఇంట్లో గాలిని బయటికి తోస్తున్నంతసేపూ అంత గాలీ ఎక్కడో ఒకచోటి నుంచి లోపలికి రావాలి కదా. స్లైడింగ్ తలుపు కింది సందు, కిటికీ సందు, ఏసీ గొట్టం కోసం గోడకు కొట్టిన కన్నం, ఏ దారి దొరికితే ఆ దారిన లాక్కుంటుంది. మీరు రాత్రి వంట చేసుకుంటున్న వేళకే ఆయన బాల్కనీలో ఉంటే, ఆ పొగను మీ వంటింటి ఫ్యానే హాల్లోంచి లాక్కొస్తోందన్నమాట. పాప వచ్చేలోగా అగరుబత్తి ఆర్పి, కిటికీలన్నీ తెరిచి పెట్టండి. పిల్లికూతలున్న పిల్లకు ఆ పొగా పడదు. దోమల చుట్ట, సాంబ్రాణి కూడా అంతే, వాటినీ కొన్నాళ్ళు ఆపండి.

అగరుబత్తి పొగను ముక్కు పట్టేస్తుంది. సిగరెట్ పొగ వాసన పోయాక కూడా అందులోని సన్నటి రేణువులు గాలిలో గంటల తరబడి తేలుతూనే ఉంటాయి, కంటికి కనపడవు. కార్బన్ మోనాక్సైడ్‌కైతే అసలు వాసనే లేదు. ఆ పొగలో 7,000కు పైగా రసాయనాలు ఉన్నాయనీ, వాటిలో కనీసం 70 క్యాన్సర్ తెచ్చేవనీ లెక్క తేలింది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పక్కవాళ్ళు పీల్చే పొగలో ఎక్కువ భాగం తాగేవాళ్ళు వదిలింది కాదు. రెండు దమ్ముల మధ్య సిగరెట్ కొస దానంతట అది కాలుతూ ఉంటుంది చూశారా, అక్కడి నుంచి వచ్చేది. దానికి ఫిల్టరూ లేదు, ఒకరి ఊపిరితిత్తుల్లో వడకట్టుకుపోయేదీ లేదు. అందుకే అది ఇంకా ఘాటు.

తలుపు తీసుకుని లోపలికి వచ్చే మనిషితో పాటు కూడా పొగ వస్తుంది. ఆఖరి దమ్ము లాగాక కొన్ని ఊపిర్ల దాకా లోపలున్నది బయటికి వస్తూనే ఉంటుంది. చొక్కాకు, మీసానికి, వేళ్ళకు పట్టింది సరేసరి. తాత రాగానే పిల్ల ఎగిరి చంకెక్కి, మెడ మీద ముఖం పెట్టుకుంటుంది. ఎంత చల్లటి దృశ్యం అది. డాక్టర్నయి ఉండి ఆ దృశ్యాన్ని పాడు చేస్తున్నందుకు నాకూ బాధగానే ఉంటుంది, కానీ ఆ చొక్కాలో ఉన్నది పాప ముక్కుకు రెండంగుళాల దూరంలో ఉంది.

మూడేళ్ళ పిల్ల నిమిషానికి ఇరవై నుంచి ముప్ఫై సార్లు ఊపిరి తీస్తుంది. మనం పన్నెండు నుంచి పదహారు. గాలి గొట్టాలు సన్నం, కొంచెం వాచినా సందు మూసుకుపోయి కూత వినిపిస్తుంది. పాపకు పిల్లికూతలు పొగ ఒక్కదానివల్లే వచ్చాయని ఇక్కడ కూర్చుని నేను అనలేను. జలుబు వైరస్‌లు ఉన్నాయి, అలర్జీ ఉండొచ్చు, మీ ఇంటి పక్క రోడ్డు దుమ్ము ఉండొచ్చు. కానీ పొగ ఉన్న ఇంట్లో పిల్లలకు ఆస్తమా ముదరడం, మాటిమాటికీ ఛాతీ పట్టేయడం, చెవిలో చీము పట్టడం ఎక్కువన్నది తేలిపోయిన విషయం. ఇంతవరకూ పర్వాలేదు అని చెప్పదగ్గ మోతాదు ఏదీ లేదని అమెరికా ప్రభుత్వ ప్రధాన వైద్యాధికారి (సర్జన్ జనరల్) నివేదిక 2006లోనే రాసింది. వేరే గదిలో కాల్చడం, కిటికీ తెరవడం, ఫ్యాన్ వేయడం, ఇవేవీ పక్కవాళ్ళను పూర్తిగా కాపాడవని కూడా చెప్పింది. పాపకు రాసిన ఇన్‌హేలర్ మాత్రం డాక్టరు చెప్పేదాకా ఆపకండి. పొగ ఆగింది కదా అని మందు మానేసి మళ్ళీ ఎమర్జెన్సీకి వచ్చిన పిల్లల్ని చూశాను.

మీరు "నాదే చాదస్తమా" అని అడిగారు చూడండి, నన్ను ఎక్కువగా కదిలించింది ఆ మాట. మీరు పనిచేసే ఆఫీసులో మీ పక్క సీటాయన సిగరెట్ వెలిగిస్తే మీరు అలా అనుకునేవారు కాదు. 2003లో పార్లమెంటు చేసిన చట్టం ఉంది. 2008 అక్టోబర్ 2 నుంచి ఆఫీసులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు, సినిమా హాళ్ళు, ఆసుపత్రులు, అన్నిచోట్లా పొగ నిషేధం. 200 రూపాయల దాకా జరిమానా. ఒకప్పుడు ఆర్టీసీ బస్సులో మన ముందు సీట్లో బీడీ కాలుతుంటే కిటికీ వైపు తల తిప్పుకుని కూర్చునేవాళ్ళం. ఇప్పుడు కండక్టర్ దాకా పోనక్కర్లేదు, ప్రయాణికులే దించేస్తారు. అంత మార్పు వచ్చింది. కానీ ఆ చట్టం మన గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఇంట్లో ఏం చేయాలో ఇంటివాళ్ళే చూసుకోవాలి. ఇంట్లో ఎదురు చెప్పలేనివాళ్ళు ఎవరు? కోడళ్ళు, భార్యలు, పిల్లలు. 2016-17లో దేశవ్యాప్తంగా జరిగిన పొగాకు సర్వేలో పెద్దవాళ్ళలో నూటికి దాదాపు 39 మంది ఇంట్లోనే ఇతరుల పొగ పీలుస్తున్నారని తేలింది. పనిచేసే చోట పీలుస్తున్నవాళ్ళు నూటికి 30 మంది. ఆఫీసు కంటే ఇల్లే అధ్వాన్నంగా ఉంది. ప్రపంచంలో ఏటా పది లక్షల మందికి పైగా, ఒక్క సిగరెట్ కూడా ముట్టనివాళ్ళు, ఇలా ఇతరుల పొగ వల్లే చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మన దేశంలో ఈ పక్కవాళ్ళ పొగ తెచ్చిన జబ్బులకు అయ్యే వైద్యం ఖర్చే ఏడాదికి 56,700 కోట్ల రూపాయల దాకా ఉంటుందని ఆర్థికవేత్తలు లెక్క కట్టారు. 

మరి చెప్పేది ఎవరు, ఎలా?

మీరు కాదు. మీవారు చెప్పాలి. కోడలి నోట వస్తే అది పొగ గురించిన మాటగా మిగలదు. "కొడుకు ఇంట్లో నాకు బాల్కనీ కూడా లేకుండా పోయిందా" అన్న మాటగా మారిపోతుంది. పల్లెలో ఇల్లూ పొలమూ వదిలి నగరంలో కొడుకు ఫ్లాట్‌కు వచ్చిన పెద్దమనిషికి ఆ బాల్కనీ ఒక్కటే తనదనిపించే చోటు. దాన్ని మరచిపోకండి. పాపతో చెప్పించే ఆలోచన కూడా మానుకోండి. ఆయన నవ్వి ముద్దు పెట్టుకుంటారు, నాలుగు రోజులు ఆపుతారు, మళ్ళీ చాటుగా మొదలుపెడతారు. ఈసారి పాపకు తెలియకుండా దాచుకోవాల్సి వస్తుంది. పెద్దవాళ్ళు మాట్లాడుకోవాల్సిన బరువు మూడేళ్ళ పిల్ల నెత్తిన పెట్టొద్దు.

పొగాకు డబ్బుతో చదివానని మీవారు అన్నారు కదా, దాచుకోవాల్సిన మాట కాదది. అక్కడి నుంచే మొదలుపెట్టమనండి. వర్జీనియా పొగాకు పండించిన రైతుకు పొగ గురించి మనం కొత్తగా చెప్పేదేముంది? ఆకును వేడితో ఆరబెట్టే గదికి, అదే బ్యారన్‌కు, పొయ్యి బయట ఉంటుంది. ఆ వేడి ఇనుప గొట్టాల గుండా లోపలంతా తిరుగుతుంది, పొగ చిమ్నీలోంచి పైకి వెళ్ళిపోతుంది. ఆకుకు వేడి తగలాలి, పొగ తగలకూడదు. గొట్టానికి చిల్లు పడి పొగ లోపలికి వచ్చిందంటే ఆకు చెడుతుంది, వేలంలో ధర పడిపోతుంది. రాత్రుళ్ళు నిద్ర కాచి, గొట్టాలు బిగించుకుని, ఆకుకు పొగ సోకకుండా ముప్ఫై ఏళ్ళు కాపాడుకున్న మనిషి ఆయన. ఆ సంగతి కొడుక్కి తెలుసు, చిన్నప్పుడు బ్యారన్ పక్కన పడుకునే ఉంటాడు. "నాన్నా, ఆకుకే తగలనివ్వలేదు నువ్వు. ఇల్లు కూడా అలాగే చూసుకుందాం" అని కొడుకు అంటే ఆ మాటలో నింద లేదు. ఆయన పనిమీద గౌరవం ఉంది.

అడగాల్సింది రెండు. వాటిని కలిపేయకండి. మొదటిది ఇల్లు. బాల్కనీ, బాత్‌రూమ్, మెట్లు, కారు, ఎక్కడా ఎవరూ కాల్చరు. ఇంటికి వచ్చిన చుట్టాలకూ ఇదే మాట, మీవారి స్నేహితులకూ ఇదే మాట. ఇందులో బేరం లేదు. కాల్చాలనిపిస్తే కిందికి దిగి, గేటు దాటి వెళ్ళాలి. వచ్చాక చేతులు, ముఖం కడుక్కుని, చొక్కా మార్చుకుని పాపను ఎత్తుకోవాలి. రోజుకు పదిసార్లు లిఫ్టు ఎక్కి దిగడం 66 ఏళ్ళ మనిషికి ఇబ్బందే. ఆ ఇబ్బంది చూసి మీ మనసు కరిగి, "సరేలే, వర్షం కదా, ఇవాళ్టికి బాల్కనీలో" అనకండి. నిజం చెప్పాలంటే చాలా ఇళ్ళలో ఈ మెట్లు దిగడంలోనే పది కాస్తా ఆరవుతాయి.

రెండోది మానడం. ఇది ఆయన ఇష్టం, మనది సాయం. "ఈ వయసులో ఒక్కసారిగా మానితే ప్రాణం మీదికొస్తుంది" అని ఊళ్ళో అంటారు, మామయ్యగారూ అనొచ్చు. అది నిజం కాదు. చిరాకు, టెన్షన్, నిద్ర పట్టకపోవడం, మలబద్ధకం, కొన్నాళ్ళు దగ్గు పెరగడం ఉంటాయి. మొదటి రెండు మూడు రోజులు గట్టిగా ఉంటాయి, రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గుతాయి. ప్రాణం మీదికి తెచ్చేది సిగరెట్టే. ఇంగ్లండ్‌లో రిచర్డ్ డాల్ అనే పరిశోధకుడు తన బృందంతో 50 ఏళ్ళపాటు డాక్టర్లనే గమనించి 2004లో ఫలితాలు ప్రకటించాడు. 60 ఏళ్ళ వయసులో మానినవాళ్ళకు కూడా సగటున మూడేళ్ళ ఆయుష్షు కలిసొచ్చింది. మీ పాప ఇప్పటిదాకా బతికినంత కాలం అది.

నికోటిన్ అంటే ఏమిటో ఆయనకు పొలంలోనే తెలుసు, పేరు తెలియకపోయినా. మంచుకు తడిసిన పచ్చాకు కోసిన రోజున కూలీలకు కళ్ళు తిరగడం, వాంతులు కావడం చూసే ఉంటారు. ఆకులోని నికోటిన్ తడి చర్మం గుండా ఒంట్లోకి దిగితే వచ్చే బాధ అది. అదే మందు చిన్న చిన్న మోతాదుల్లో రోజూ మెదడుకు అలవాటైతే వదులుకోవడం ఎంత కష్టమో మనం ఊహించొచ్చు. కాబట్టి "మనసుంటే మానొచ్చు" అని ఆయనతో అనకండి. దీనికి వైద్యం ఉంది. నికోటిన్ చూయింగ్ గమ్ మందుల షాపులో దొరుకుతుంది. దాన్ని మామూలు గమ్‌లా గబగబా నమిలితే కడుపులో మంట, ఎక్కిళ్ళు వచ్చి "ఇది నాకు పడలేదు" అని పారేస్తారు. నాలుగైదుసార్లు నమిలి, నాలుక చురుక్కుమనగానే బుగ్గ పక్కన పెట్టేయాలి. ఆ ఘాటు తగ్గాక మళ్ళీ నమలాలి. అరగంట అలా సాగాలి. గమ్ వేసుకునే ముందు పావుగంట, నోట్లో ఉన్నంతసేపూ కాఫీ, టీ వద్దు. పొద్దున్నే కాఫీతో మొదటి సిగరెట్ వెలిగించే అలవాటుంటే ఇది ముఖ్యం. కట్టుడు పళ్ళుంటే గమ్ అతుక్కుంటుంది, అప్పుడు చర్మానికి అతికించుకునే నికోటిన్ పట్టీ వాడొచ్చు. నిద్ర లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ కావాలంటే, గుండె జబ్బుంటే, ముందు డాక్టర్ని కలవాలి. మాత్రలు కూడా ఉన్నాయి, అవి డాక్టరు రాస్తేనే. ఎవరైనా ఈ-సిగరెట్‌కు మార్చమంటే వినకండి, మన దేశంలో 2019 నుంచి అవి నిషేధం.

ఇంకో సాయం ఆయన జేబులోనే ఉంది. సిగరెట్ పెట్టె మీద బొమ్మ కింద ఒక నంబరు ఉంటుంది, 1800-11-2356. పొగాకు మానాలనుకునేవాళ్ళ కోసం కేంద్రం నడిపే ఉచిత ఫోన్ సేవ. తెలుగులో మాట్లాడతారు, మానే తేదీ పెట్టించి తర్వాత వాళ్ళే మళ్ళీ ఫోన్ చేస్తారు. కొందరు పెద్దవాళ్ళు ఇంట్లో కొడుకుతో ఒప్పుకోని మాట ముఖం తెలియని మనిషికి ఫోన్లో ఒప్పుకుంటారు. నేను చాలామందిని చూశాను.

మానిన మొదటి వారం ఇంట్లో అందరికీ పరీక్షే. ఆయన కూరలో ఉప్పు తక్కువైందని కేకలేయొచ్చు, టీవీ రిమోట్ కోసం గొడవ పెట్టుకోవచ్చు. కోరిక పుట్టినప్పుడు ఉండేది నాలుగైదు నిమిషాలే. ఆ నాలుగైదు నిమిషాలు పాపను కిందికి తిప్పమనండి, చెట్లకు నీళ్ళు పోయమనండి, ఊళ్ళో ఎవరికైనా ఫోన్ చేసుకోమనండి. ఒకరోజు తప్పి కాలిస్తే "చూశారా, మీవల్ల కాదన్నానా" అని ఎవరూ అనకూడదు. రెండు మూడుసార్లు జారాకే నిలబడేవాళ్ళు ఎక్కువ. ఆ కుర్చీని మాత్రం బాల్కనీలోంచి తీసేయకండి. అక్కడ ఆయన కూర్చోవాలి, పేపరు చదువుకోవాలి. పోవాల్సింది యాష్‌ట్రే ఒక్కటే.

ఇప్పుడు అత్తయ్యగారు. మీ ఉత్తరంలో ఆవిడ గురించి ఒక్కటే వాక్యం ఉంది, అందులో కూడా ఆవిడ దగ్గుతున్నారు. మీరు పాప కోసం రాశారు కాబట్టి అది సహజమే. కానీ నలభై ఏళ్ళు పీల్చింది ఆవిడ. జపాన్‌లో తకేషి హిరయామా అనే శాస్త్రవేత్త 90 వేలమందికి పైగా ఆడవాళ్ళ వివరాలు 14 ఏళ్ళపాటు సేకరించి, 1981లో ఫలితాలు ప్రకటించాడు. వీళ్ళెవరూ సిగరెట్ ముట్టనివాళ్ళు, పెళ్ళయినవాళ్ళు. భర్త ఎన్ని ఎక్కువ కాలిస్తే భార్యకు ఊపిరితిత్తుల క్యాన్సర్ అంత ఎక్కువగా కనిపించింది. సిగరెట్ కంపెనీలు ఆ ఫలితాన్ని కొట్టేయాలని చాలా ప్రయత్నించాయి, తర్వాత వచ్చిన పరిశోధనలు ఆయన్నే బలపరిచాయి. పక్కవాళ్ళ పొగ పీల్చేవాళ్ళకు గుండె జబ్బు ప్రమాదం పాతిక నుంచి ముప్ఫై శాతం పెరుగుతుందని కూడా ఇప్పుడు తెలుసు. ఆవిడ పల్లెలో కట్టెల పొయ్యి ఊది ఉంటే ఆ పొగా దీనికి తోడు.

భయపెట్టడానికి చెప్పడం లేదు. ఆ దగ్గు వట్టి దగ్గే కావొచ్చు. కానీ మనిళ్ళలో ఆ వయసు ఆడవాళ్ళ దగ్గును ఎవరూ లెక్కలోకి తీసుకోరు, వాళ్ళు కూడా తీసుకోరు. ఎన్నాళ్ళ నుంచి ఉందో అడగండి. రెండు వారాలు దాటి ఉంటే, మెట్లెక్కితే ఆయాసం వస్తుంటే, బరువు తగ్గితే, కళ్ళెలో నెత్తురు జీర కనిపిస్తే అసలు ఆలస్యం చేయొద్దు. అవేవీ లేకపోయినా పాపను ఈసారి డాక్టరుకు చూపించేటప్పుడు ఆవిడనూ వెంటబెట్టుకెళ్ళి ఛాతీ ఎక్స్‌రే, ఊపిరి ఊదించే స్పైరోమెట్రీ పరీక్ష చేయించండి. నొప్పి ఉండదు, పది పదిహేను నిమిషాల పని. "నాకెందుకమ్మా" అంటారు. పాపకు తోడు రమ్మని చెప్పి తీసుకెళ్ళండి. వీలైతే మామయ్యగారినీ రమ్మనండి. ఆ గొట్టంలోకి ఆవిడ ఊదుతున్నప్పుడు ఆయన పక్కనే కూర్చుని చూడాలి.